కండువా తీసిన మెడ

పెద్దలకు, మామిడి వర్తక సంఘం వారికి, ముసునూరు నుంచి, బాపులపాడు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చిన రైతు సోదరులకు, అమ్మలకు నమస్కారం. శేషగిరిరావు గారు లేరు. నేను ఆయన బావమరిదిని. మా కల్యాణక్క లోపల కూర్చుని వింటోంది. అందుకని మెత్తగా మాట్లాడదామనుకున్నాను. నాకు చేతకావడం లేదు.

అయ్యా, మా బావ మెడ చుట్టూ కొవ్వు పెరిగింది. ఎద్దు మెడలో పట్టెడలా, చెవుల కింద నుంచి భుజాల దాకా. ఊరేమంది? తాగుడంది. మద్యనిషేధం వచ్చాక దొంగచాటు తాగుడంది. పలకరించే వంకతో ఆయన నోటి వాసన చూసినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు.

మద్రాసులో ఆపరేషన్ చేసిన డాక్టరు సువర్ణరాజు గారు నా ఎదుటే చెప్పారు. ఇది అరుదైన జబ్బు. తాగేవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది, చుక్క ముట్టనివాళ్ళకూ వస్తుంది, కొన్ని ఇళ్ళల్లో తరతరాలుగా వస్తుంది. అసలు కారణం తమకే తెలియదన్నారు. అంత చదివినాయన తెలియదన్నాడే, మనకెలా తెలిసిపోయిందండీ?

మాది నూజివీడని విని, ఆయన మామిడిపండు మీద పెట్టి వివరించారు. మామూలు కొవ్వుగడ్డకు సంచి ఉంటుంది, కోస్తే టెంకలా ఊడివస్తుంది. దీనికి హద్దు లేదు. రసం పండులో పీచులా నరాలనూ రక్తనాళాలనూ అల్లుకుంటుంది. కొంచెం కొంచెంగా కోయాలి, అంతా తీయలేరు, మళ్ళీ పెరగవచ్చు.

మొదటి కోత తర్వాత బావకు ఊపిరి సుఖంగా ఆడింది. ఆ వేసవిలో వర్తకానికి మామిడి బజారుకొచ్చి ఏం చేశాడు? మన బేరాలన్నీ ధర పైకి అనకుండా, కండువా కింద వేళ్ళు పట్టుకునే కదా! ఆయన మెడ దాచుకున్న కండువా తీసి గంప మీద పడేశాడు. మచ్చ అందరికీ కనబడింది. "నా మెడ ఊరంతా చూసింది. ధర మాత్రం దాపరికమెందుకయ్యా?" అని రసాల ధర పైకే చెప్పాడు. చింతలపూడి రైతు మొదటిసారి పక్క రైతు ధర చెవులారా విన్నాడు. సంఘం వారికి కోపం ఎక్కడ పుట్టిందో నన్నడక్కండి.

కొవ్వు మళ్ళీ పెరిగింది. సంఘంలో ఉండాలంటే తాగనని దీపం ఆర్పి ప్రమాణం చెయ్యమన్నారు. జన్మలో ముట్టనివాడు, ఒక్క మాటతో బయటపడేవాడు. చెయ్యనన్నాడు. "నేను బయటపడతాను సరే. రేపు ఇదే జబ్బు తాగేవాడికొస్తే? వాడికి ఊపిరి అక్కర్లేదా?" అన్నాడు. పేరు కొట్టేశారు. ఈవేళ అదే సంఘం పూలదండ తెచ్చింది.

ఊపిరి అందక రెండో ఆపరేషన్‌కు వెళ్ళాడు. ప్రమాదమని తెలిసే వెళ్ళాడు. తీసిన కొవ్వు పారేయకుండా వైద్యం చదివే పిల్లలకు చూపించమన్నాడు. ఆ కోత నుంచి తేరుకోలేదు. చేజేతులా చచ్చాడంటున్నారు. కాదండీ, బతుకుదామనే వెళ్ళి చనిపోయాడు. నాకు దుఃఖంగా ఉంది, అంతకు మించి కోపంగా ఉంది.

దయచేసి అందరూ లేవండి. సంఘం వారు కూడా. మెడమీద కండువాలు తీసి చేతపట్టుకోండి. ఇన్నేళ్ళూ ఆయన మెడ గురించి మాట్లాడాం. ఇప్పుడు రెండు నిమిషాలు నోరు మూసుకుని నిలబడదాం.