బ్యాటరీ కుడి పక్కనే

కార్న్‌వాల్‌లో ఒక ఇంటి వెనక షెడ్డు, బయట వాన. బానెట్ ఎత్తిన, రెండే సీట్లున్న, పైకప్పు లేని పాత ఎంజీ మిడ్జెట్ కారు, దాని మీదికి వంగిన డెంజిల్, పక్కన ఆయన కూతురు కెరెన్సా. నవంబరులో కెరెన్సా తల్లి మోర్వెన్నా పోయింది, ఇప్పుడు ఈస్టరు దగ్గర పడుతోంది. తండ్రితో ఒక్క మాట తేల్చుకుని పోదామని వచ్చింది కెరెన్సా. ఆయనేమో బ్యాటరీ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు మాట్లాడుతున్నాడు.

"కుడి పక్కన. వెనక డిక్కీలో, కుడి చక్రం మీదికి వచ్చేట్టు."

"ఎడమ అనబోయి కుడి అంటున్నావు నాన్నా."

"కుడి అనే అన్నాను."

"మళ్ళీ చెప్పు."

"కుడి. ఆ స్పానరు ఇటివ్వు."

"ఇస్తా గానీ, ముందు ఆ చెయ్యి వెనక్కి తియ్యి. ప్లస్ నట్టు విప్పుతున్నావు."

"ఊఁ?"

"ముందు ఎర్త్ తియ్యాలి. ఎర్త్, తర్వాత ప్లస్. నాకు బూటు లేసు కట్టుకోవడం రాకముందే నేర్పావు ఈ సంగతి. స్పానరు బాడీకి తగిలితే ఏమయ్యేది?"

"నిప్పులు రాలేవి."

"మరి?"

"ఎర్త్. అవును. తీస్తున్నా, చూడు. తీసేశాను."

"రాత్రి నిద్రపోయావా?"

"పడుకున్నాను."

"నేనడిగింది అది కాదు."

"ఫ్లాస్కులో టీ ఉంది, పోసుకో."

"పోసుకున్నా. అందులో టీ ఆకు లేదు నాన్నా. ఉత్త వేడినీళ్ళలో పాలు పోసి మూత పెట్టావు."

"అందుకా చప్పగా ఉంది."

"పొద్దుట్నుంచీ అదే తాగుతున్నావా?"

"వెచ్చగానే ఉందిగా."

"మాంసం పేస్టీలు తెచ్చాను, తింటావా?"

"తర్వాత."

"పోయిన ఆదివారం కూడా తర్వాతే అన్నావు. అవి ఫ్రిజ్‌లో అలాగే ఉన్నాయి, ఇప్పుడే చూసొచ్చాను."

"తింటాలే. ఆ బోల్టు కింద పడకుండా చూడు."

"మిసెస్ హాకింగ్ ఫోన్ చేసింది నాకు."

"క్లబ్బు హాకింగా?"

"ఆవిడే. ఈస్టరు ట్రయల్‌కి, ఆ బురద కొండలెక్కే కార్ల పోటీకి, వస్తున్నానని నువ్వు చెప్పావట. పక్కన ఎవరు కూర్చుంటారు డెంజిల్ అని అడిగితే, ఉంటారులే అని ఫోన్ పెట్టేశావట. ఆవిడ కంగారుపడి నాకు చేసింది. పక్క సీట్లో మనిషి లేకపోతే కొండ కింద గీత దాటనివ్వం కదమ్మా, మీ నాన్నకి తెలియంది కాదు, కాస్త వెళ్ళి చూసిరా అంది."

"తెలుసు."

"తెలిస్తే మరి ఎవరు?"

"ఇదిగో, కింద నుంచి పట్టుకో. బరువుంటుంది."

"మాట దాటేయకు."

"దాటేయడం లేదు, పట్టుకో. ఆఁ, అట్లా. అక్కడ పెట్టు, ఆ మెషీన్ మీద."

"ఇది బాత్రూంలోది కదా? అమ్మ బరువు చూసుకునేది. ఇక్కడికెందుకొచ్చింది?"

"బరువు చూడటానికి."

"బ్యాటరీదా?"

"దానిదీ, నాదీ. కోటు, బూట్లు అన్నీ వేసుకునే చూసుకున్నా. చిక్కిపోయావు చిక్కిపోయావు అంటున్నారు గానీ, ఇంకా ఎద్దులాగే ఉన్నాను. నీ బరువెంత?"

"ఏంటి?"

"నీ బరువు."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా అడుగుతారా? అమ్మ నన్ను పుల్ల అనేది. ఆ లెక్క చాల్లే నీకు."

"పుల్ల అంటే ఎంతని?"

"నాన్నా."

"సరే, సరే."

"విను. బ్యాటరీ వెనక్కి మార్చడం వరకూ నాకు అర్థమైంది. బురదలో వెనక చక్రాలు జారతాయి, వాటి మీద బరువు పడాలి. ఇన్నేళ్ళూ ఆ పని అమ్మ చేసింది, సీటు మీద ఎగిరెగిరి పడుతూ."

"బాగా ఎగిరేది."

"పెన్‌గ్రూ కొండ దగ్గర గట్ల మీద నిలబడ్డ జనం నీ కారు కోసం రాలేదు. అమ్మ టోపీ కోసం వచ్చేవాళ్ళు. అది పైకి లేచినప్పుడల్లా ఓ అని అరిచేవాళ్ళు."

"ఎర్ర టోపీ."

"ఎర్రదే. తనే అల్లుకుంది. కొండ కిందికి రాగానే బురదలో మోకాళ్ళ మీద కూర్చుని టైర్లు జారకుండా వాటిలో కాస్త గాలి తీసేదీ అమ్మే, పైకెక్కాక మళ్ళీ కొట్టేదీ అమ్మే. నువ్వు స్టీరింగు పట్టుకుని దొరలాగా కూర్చునేవాడివి. నా బరువు లేకపోతే ఈయన ఇంటి గేటు కూడా దాటలేడు అనేది."

"అనేది."

"ఇప్పుడు అమ్మ లేదు. చెప్పేస్తున్నా, ఏమీ అనుకోకు. ఎడమ సీటు ఖాళీ. కుడి సీట్లో నువ్వు, ఎద్దులాగే ఉన్నానని నువ్వే అన్నావు. బ్యాటరీ కూడా కుడి పక్కనే పెడితే ఎడమ చక్రం గాల్లో తిరుగుతుంది. కారు కుడికి ఒరిగిపోతుంది."

"ఒరుగుతుంది."

"నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలియకేం."

"అయితే ఎడమ పక్కన పెడదామా?"

"కుడి పక్కన. బిగించే చట్రం చేసేశాను, రంధ్రాలు కూడా వేశాను. కేబుల్ కారు ఫ్లోరు కింద నుంచి వస్తుంది. రేకు అంచు దాన్ని కొయ్యకుండా రబ్బరు వాషరు పెట్టాను, పక్కనే ఫ్యూజు."

"ఇంత శ్రద్ధ టీ మీద పెట్టుంటే బాగుండేది. సరే, జరుగు. నేను లోపల కూర్చుని కేబుల్ లాగుతాను."

"అటు కాదు."

"ఏం?"

"ఎడమ సీట్లో కూర్చోకు."

"ఒక్క నిమిషం నాన్నా, కేబుల్ లాగేసి..."

"కూర్చోకు. అంతే."

"అమ్మ దిండు ఇంకా సీటుకి కట్టే ఉంది."

"ఉండనీ."

"మట్టి కూడా దులపలేదు. ఇది పోయినేడాది మట్టి."

"ఉండనీ అన్నానుగా."

"సరే. ముట్టుకోను. ఎటు నుంచి లాగమంటావు మరి?"

"ఇటు నుంచి. కుడి తలుపు తియ్యి."

"ఓహో. స్టీరింగు పక్కకి రానిస్తున్నావే. పాల ట్యాంకరు ఈ సందులన్నిటిలోనూ తిప్పుతున్నాను, రోజూ రివర్సులో గట్లు తగలకుండా తెస్తున్నాను, అయినా ఈ కారు మాత్రం నీకు చేతకాదు అన్నావు."

"చేతకాదని కాదు. గేర్లు మొండికేస్తాయి అన్నాను."

"ఏదో ఒకటి అన్నావు. హాకింగ్ గారి మేనల్లుడు నీ పక్కన కూర్చుంటానన్నాడట. మంచి లావుగా ఉంటాడు, బ్యాటరీ కూడా అక్కర్లేదు."

"వద్దు."

"ఏం పాపం?"

"వాగుతాడు."

"పోనీ నేనొస్తాను."

"ఊఁ?"

"నేను కూర్చుంటాను పక్కన. పుల్లనైతేనేం, ఎగరగలను. చిన్నప్పుడు అమ్మతో పాటు సోఫా మీద ఎగిరి ఎగిరి నేర్చుకున్నా."

"వద్దు."

"కాస్త ఆలోచించైనా చెప్పు."

"ఆలోచించాను. నువ్వు ఆ సీట్లో వద్దు."

"అమ్మ సీటు అనా?"

"కేబుల్ వదిలేశావు, పట్టుకో."

"పట్టుకోను. చేతులు నొప్పి పుట్టాయి, మనసూ నొప్పి పుట్టింది. పైనించి కిందిదాకా బురద పూసుకుని అమ్మ చేసిన పనంతా నేను చేస్తానంటున్నాను, నువ్వేమో వద్దు అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నావు."

"కోప్పడకు తల్లీ."

"పెన్‌గ్రూ దారికి కుడి పక్కన ఏముంది?"

"వాగు."

"దారి ఎటు వాలుంటుంది?"

"నీకు తెలుసుగా."

"నువ్వు చెప్పు."

"కుడికి."

"వాగు వైపుకి. పక్కన మనిషి లేకుండా, బరువంతా కుడి పక్కనే పెట్టుకుని, వాగు వైపుకి వాలిన బురద దారి మీదికి పోతున్నావు. ఏం చేద్దామని నాన్నా?"

"ఎక్కుదామని."

"నిజం చెప్పు."

"ఎక్కుదామనే."

"నేను ఇవాళ కారు అమ్మేద్దాం అని చెప్పడానికి వచ్చాను. దారంతా అదే అనుకున్నాను. అది కూడా నిజం కాదు. భయమేసి వచ్చాను. అమ్మ పోయింది మొదలు నువ్వు ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు, చర్చిలో పాట పాడమంటే పాడావు, చేతులు కలపమంటే కలిపావు. ఏమడిగినా ఊఁ అంటావు. టీ లేని టీ తాగుతావు. ఎర్త్ తియ్యకుండా ప్లస్ మీద చెయ్యి వేస్తావు. ఇప్పుడు ఇది. సూటిగా అడుగుతున్నా. ఆ కొండ నుంచి తిరిగి రావాలనే వెళ్తున్నావా?"

డెంజిల్ స్పానరు గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

"ఆ మాట ఎవరన్నా అన్నారా నీతో?"

"ఎవరూ అనలేదు. నాకే అనిపించింది."

"ఏడుపు రావడం లేదు కెరెన్సా. వస్తుందేమోనని కూర్చుని చూశాను. ఆవిడ కోటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను కూడా. రాలేదు. పన్ను పీకడానికి మత్తు సూది ఇస్తారు చూడు, ఆ తర్వాత మన పెదవి మనది కాదన్నట్టుంటుంది. ఒళ్ళంతా అట్లా ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికి ఏముంది అందులో? బాధ ఉంటే చెప్పొచ్చు. ఏమీ లేకపోతే ఏం చెప్తారు?"

"చచ్చిపోదామని ఉందా?"

"లేదు. బతుకుదామనీ పెద్దగా లేదు. పొద్దున్నే లేస్తే కారు మీద పని ఉంది, చేస్తున్నాను. చేతులు వాటంతటవే పోతున్నాయి."

"ఇందాక తప్పుదారిన పోయాయిగా ఆ చేతులు."

"పోయాయి. నువ్వు పట్టుకున్నావు."

"కొండ మీద ఎవరు పట్టుకుంటారు? తోలకు నాన్నా. ఈ ఏడాది వద్దు. నీకేమైనా అయితే నాకు ఇంకెవరున్నారు?"

"తోలను."

"ఏంటి?"

"తోలనన్నాను. ఈ చేతులతో తోలకూడదని నాకూ తెలుసు."

"వస్తానని హాకింగ్ గారికి చెప్పావుగా."

"వస్తానన్నాను. తోలతానని ఎప్పుడన్నాను?"

"నాకేం అర్థం కావడం లేదు."

"మీ అమ్మ ఏటా అడిగేది. పెన్‌గ్రూ ఎక్కి పైన టీ తాగేటప్పుడు. ఒక్కసారి ఇటొచ్చి కూర్చో డెంజిల్, కొండ ఈ పక్క నుంచి ఎట్లా ఉంటుందో నీకు ఒక్కనాడూ తెలియదు అనేది."

"నువ్వేమనేవాడివి?"

"వచ్చే ఏడు అనేవాణ్ణి."

"అమ్మ?"

"నవ్వేసేది. టోపీ పిండుకుంటూ."

"నాతో ఎప్పుడూ అనలేదు."

"నాతో కూడా గట్టిగా అనలేదు. అందుకే వాయిదా వేస్తూ పోయాను."

"అంటే ఆ దిండు..."

"దిండు విప్పను. నా బరువుకి అణిగిపోతే పోనీ. ఎగరడం నాకు చేతనవుతుందో లేదో మరి."

"మరి తోలేదెవరు నాన్నా?"

"నువ్వు పుల్లవి. నాలాంటి ఎద్దుని ఎడమ పక్కన కూర్చోబెట్టుకుంటే నీ పక్క తేలిపోతుంది, అందుకే బ్యాటరీ నీ వెనక పెడుతున్నాను."