తూర్పు గోడ పక్కన

కంప్యూటర్‌లో తను వేసిన లెక్కను నమ్మి ఫ్యాక్టరీలో గ్యాస్ ఊది పొడిని కలియతిప్పే రియాక్టర్‌ను ఆపించిన ఇంజనీరమ్మ, దాని మూత దగ్గరే నిలబడింది. టార్చితో లోపలికి దిగిన పెద్ద ఫోర్‌మన్ పైకొచ్చాడు.

"ఏం కనిపించింది, బాబాయ్?"

"ముందు నీ లెక్కేమందో ఇంకోసారి చెప్పమ్మా."

"తూర్పు గోడ పక్కకి గ్యాస్ అందట్లేదనీ, అక్కడ పొడి కదలకుండా మోకాలెత్తున పేరుకుపోయిందనీ."

"ముప్పై ఏళ్లుగా దీంతో కాపురం చేస్తున్నా. అలాంటిదేం ఉండదని నిన్న అందరి ముందూ కొట్టిపారేశాను."

"అయితే లేదా?"

"నా ప్యాంటు చూడు."

మోకాళ్ల దాకా తెల్లటి పొడి! ఆమె కళ్లు తళుక్కుమన్నాయి.

"అలా నిలబడిపోతే ఎలా, తల్లీ? రెండో రియాక్టర్ లెక్క కూడా తియ్యి. ఈసారి నువ్వు చెప్పాకే దిగుతాను."