డాట్ తిరగలే, ఇల్లు తిరిగింది

మోరీ డాట్ తీసుడు గంత పెద్ద పనేం గాదు నాయినా, నరసింహస్వామి దయ ఉండాలె, చేతుల పానా ఉండాలె, గంతే. నాంపల్లిల శ్యామ్‌సుందర్ ఇంటి అరుగు మీద కూసుని నేను ముందుగాల గీ మాటనే చెప్పిన. ఆయన మొఖంల మాత్రం నెత్తురు లేదు. పొద్దుమూకితె బిడ్డను తొట్టెల్ల ఏసే పండుగ, చుట్టాలొచ్చే యాళ్లైతుంది, వాకిట్ల మోరీ పొంగి పీటలెయ్యనీకె జాగ లేదు. పైపు మూతికి బిగించిన ఇనుప డాట్ తీస్తెగాని లోపల ఇరికిన చెత్త కదలదు, డాటేమో తుప్పు పట్టి కూసుంది. పానా నా ఒళ్లున్నది. జర లేవు ప్రహ్లాదన్నా అని ఆయన బతిలాడుతనే ఉన్నడు. లేస్తనే గని, సంకల్పం చెప్పకుంట పూజ మొదలువెడ్తరా?

"బషీర్‌బాగ్‌ల శ్రీపతి సాబని ఒక వకీలున్నడు," అన్న. "నిజాం జమానా బంగ్లా, పైపులు సుత గప్పటియే. ఆడ గిట్లనే డాట్ పట్టుకుంది. నేను వోయి గ్యాస్‌నూనె చుక్కలేసిన, స్వామిని తలుసుకొని సుత్తెతోని ఒక్కటిచ్చిన. మెల్లగనే ఇచ్చిన. లక్డీకాపూల్ ఆఫీసులోళ్లు గంట కొట్టిన్రనుకొని, ఫైళ్లు మూసి చాయ్‌కి వోయిన్రు."

పక్కింటి గట్టయ్య బీడీ ముట్టిచ్చి, మొన్న గుడికాడ చెప్పినప్పుడు గన్‌ఫౌండ్రీ దాంకనే ఇనవడ్డది గదా అని గులిగిండు. గీసారి గాలి అటు మర్లింది అన్న.

"ఇగ పానా పెట్టిన. కదలలే. పానాకు నిలువెత్తు పైపు తొడిగిన. కదలలే. నరసింహా అని గుంజిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? డాట్ తిరగలే. ఇల్లు తిరిగింది."

"ఇల్లా?" అన్నడు గట్టయ్య.

"ఇల్లే. దక్షిణం మొఖమున్న దర్వాజ పడమరకు మర్లె, ఉత్తరం దాటె, తూర్పుకొచ్చి ఆగె. ఎన్నేండ్ల సందో కేసు గెలవని వకీలు, తెల్లారి గెలిచిండు."

ఇంట్లోళ్లకు కండ్లు తిరగలేదా అని గట్టయ్య అడిగిండు. తిరగకేంది? పొయ్యి మీది పప్పు ఎనిపే పని లేకుంట దానంతట అదే మెత్తగైంది, సాబ్ భార్య నళినమ్మ గిప్పటికీ వచ్చినోళ్లందరికి చెప్తది అన్న.

గల్లీ మంది అరుగు సుట్టు చేరి నోళ్లు తెర్సుకొని ఇంటున్రు. గట్ల ఇంటుంటె నా నాలికె ఆగుతదా? ఇల్లుతోని గల్లీ తిరిగిందన్న, గల్లీతోని ఆబిడ్స్ తిరిగిందన్న, నాంపల్లి టేషన్ల బొంబాయి బండెక్కినోళ్లు బెజవాడల దిగి, ఎట్లాగు వచ్చినం గదా అని కృష్ణల తానం జేసి, నా పేరు మీద కొబ్బరికాయ కొట్టిన్రన్న.

గప్పుడు దర్వాజ కాడ బిడ్డనెత్తుకొని నిలవడ్డ శ్యామ్‌సుందర్ భార్య విద్యావతి మెల్లగ అడిగింది.

"అన్నయ్యా, దక్షిణం, పడమర, ఉత్తరం, తూర్పు. అంటే పానా ఎటు తిప్పిన్రు?"

"ఎటేందమ్మా, ప్రదక్షిణంగనే. గుడి సుట్టు ఎట్ల తిరుగుతమో గట్లనే, కుడి దిక్కు. బుద్ధెరిగిన కాంచి నేను ఏదీ ఉల్టా తిప్పలే."

"గట్ల తిప్పితె మా తొక్కు సీస మూత సుత బిగుస్తది, అన్నయ్యా. డాట్ బిగుసుకున్నంక ఇగ ఇల్లు తిరగక ఏం జేస్తది, పాపం."

గట్టయ్యకు బీడీ పొగ అడ్డం వడ్డది. శ్యామ్‌సుందర్ నా ఒళ్లకెళ్లి పానా తీసుకొని వాకిట్లకు దిగి, ఎడమ దిక్కు గుంజిండు. కిర్రుమంది. ఇంకోపారి గుంజంగనే డాట్ ఊడి చేతులకొచ్చింది. వెదురు బద్ద లోపలికి తోసేసరికి చెత్త కదిలి, వాకిట్ల నీళ్లన్నీ గడగడ దిగినయి. లోపలోళ్లు పీటలు పట్టుకొని ఉరికొచ్చిన్రు.

నేను కండ్లు మూసుకొని చేతులు జోడించిన. స్వామీ, ఉల్టా తిప్పింది నేను గాదు, తొట్టెలింటోళ్లు, తెల్వక చేసిన్రు, మాఫ్ చెయ్యి అని.

కండ్లు తెరిసేటాల్లకు విద్యావతి ఎదురుంగ ఉన్నది. అందరికన్న ముందు చాయ్ నాకే తెచ్చింది. చక్కెర కలుపుకొమ్మని చెంచా చేతులవెట్టి అన్నది.

"ఎటన్న తిప్పుకోండ్రి అన్నయ్యా. మా ఇల్లు మాత్రం జర పైలం."