ముత్తయ్య పాసు, నా చెయ్యి

“తాతా, నీ చెయ్యి కేసు ఎట్ల తేలింది? దెబ్బ తగిలినోళ్ల పరిహారం కేసులు జల్దీ తేలాలంటే ఏం మార్చాలెనో పాతోళ్లను అడిగి రమ్మన్నరు మా లేబర్ ఆఫీసుల.”

ఎట్ల తేలింది అంటే ఏం చెప్పాలె సరితా? తేలిందో మునిగిందో నాకిప్పటికీ సమజ్ కాదు. ఆ ఫోన్ల నా గొంతు పడుతున్నదా? అవ్, పడనీ.

జామాయిల్ కర్ర దించే యార్డు, ఒక కాంట్రాక్టరుది. భద్రాచలం పోయే దారిల ఉండె, ఇప్పుడు లేదు. అండ్ల గేటు పాసు మీ తాత ముత్తయ్యకుండె, నాకు లేదు. మూడు రోజులు రాకపోతే పాసు గుంజుకుంటుండిరి. అందుకని జరమొచ్చినా, పెండ్లున్నా, ఒకని పాసు మీద ఇంకొకడు పోతుండె. అందరం గంతే. పాసు మీద ఫోటోల అందరి మొఖాలు ఒక్క తీర్గనే నల్లగుండె, ఎవడు చూసిండు! ఆనాడు మీ తాతకు జరం. వాళ్ల అక్క, అదే మా ఇంటిది, “తమ్ముని పాసు పోతది, నువ్వు పోరాదు” అన్నది. పోయిన. బస్సు కిరాయి రెండు రూపాయలు... కాదు, రెండున్నర. ఏదో ఒకటి.

లారీ మీదికెల్లి కర్ర జారింది. ఇగో, ఎడమ చేతివి ఈ రెండు వేళ్లు. నొప్పి అప్పుడు తెల్వలే, చూడబుద్ధి కాలే గంతే.

యార్డు గుమస్తా దవాఖానకు ఫారం తెచ్చిండు. “ముత్తయ్య అని రాసిన, వేలిముద్ర వెయ్యి, అయిపోతది” అన్నడు. నేనేమో అప్పుడే రాత్రి బడిల పేరు రాసుడు నేర్చుకున్న. ముప్పై ఏండ్లు దాటినంక బిడ్డా, పలక అరిగింది. వేలిముద్ర వెయ్యనన్న. కుడి చెయ్యి మంచిగనే ఉండె. పెన్ను గుంజుకొని వీరయ్య అని రాసిన, వంకర లేకుంట. “ఓరి మొండోడా, నీ కేసు నువ్వే చంపుకున్నవ్” అన్నడు గుమస్తా.

పైన ముత్తయ్య, కింద వీరయ్య. లేబర్ ఆఫీసు చుట్టు నాలుగేండ్లు తిరిగిన. ఐదా? ఆఫీసర్లు మారిండ్రు, అడిగే మాట మారలే. “పనిచేసిందెవరు, దెబ్బ తగిలిందెవరికి?” రెండూ నేనే సారూ అంటే, “నువ్వు యార్డులనే లేవు కదా” అంటరు. ఒకాయన మీ తాతను పిలిచి పది వేళ్లు లెక్కపెట్టి, “ఈయనకేం కాలే” అన్నడు. మీ తాత బయటికొచ్చి, “బావా, నావి కూడ రెండు కొట్టిచ్చుకోవాల్నా ఏంది?” అన్నడు. నవ్వినం ఇద్దరం, ఏడ్వాల్సిన కాడ.

ఆఖరికి ఒక మేడమ్ వచ్చింది. చిన్నపిల్ల, నీ ఈడు. ఫారం పక్కకు పెట్టి, “కట్టు కట్టేటప్పుడు దవాఖానల నీ పేరు అడిగిండ్రా?” అన్నది. నర్సమ్మ అడిగింది, వీరయ్య అని చెప్పిన అన్న. ఆ రిజిస్టరు తెప్పిచ్చింది. పేరుంది, తారీఖుంది, రెండు వేళ్లు అని ఉంది. అన్నేండ్లు అండ్లనే ఉన్నది, ఎవరూ అడగలే!

ఇగ నేను యార్డుల ఉన్ననని ఎవరన్న చెప్పాలె. పాసు నేనే ఇచ్చిన అని మీ తాతే చెప్పాలె. చెప్తే పని పోతదని ఆయనకు ఎరుకే. నేను చెప్పకు అన్న. అన్ననా? మనసుల అనుకున్ననా? అదే యాదికొస్తలేదు.

చెప్పిండు. నాకు పరిహారం వచ్చింది, ఆయన పాసు పోయింది. ఆర్డర్ కాయితం కూడబలుక్కొని నేనే చదువుకున్న. సాక్షి ముత్తయ్య అని ఒక్క కాడ ఉన్నది. ఆయన పని పోయిందని ఏ కాడా లేదు. కూలికి కొత్తగూడెం దాక పోతుండె అటెన్క. నన్ను మాత్రం బావా అనే పిలిచిండు, పోయేదాక. కోపం చేసినా బాగుండు.

ఏం మార్చాలె అంటవా? దవాఖాన రిజిస్టరు మొదటి రోజే తెప్పియ్యిండ్రి, రాసుకో. ఇంకోటి, నిజం చెప్పినోని పని పోవద్దు. అది రాసే గడి ఉన్నదా మీ కంప్యూటర్ల? లేదా? పెట్టిచ్చు బిడ్డా.

మీ తాత నీకేమన్న చెప్పిండా, నేను చెప్పకు అన్ననని? ... లేదా. సరే. సల్లగుండు. నువ్వు ఆఫీసుల ఇచ్చే కాయితంల మీ తాత పేరు మొదలు రాయి, పైన. నాది కింద. మల్ల తికమక పడతరా మీ సార్లు? పడనీ...