రోజులు కలపడం

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో టీమ్ లీడరమ్మ కొత్త ప్రోగ్రామర్‌ని తెర ముందు నిలబెట్టింది.

“తేదీలు లెక్కగట్టే కోడ్ క్లాసుని ఎక్స్‌టెండ్ చేసి కొత్త పని చేర్చమన్నానా, దాని బుద్ధే మార్చెయ్యమన్నానా?”

“బిల్లింగ్ వాళ్లు సెలవులు లెక్కలోకి రాకూడదన్నారు మేడమ్.”

“అయితే వాళ్ల లెక్కకి వేరే మెథడ్ రాయాలి. అందరూ వాడే ‘రోజులు కలుపు’ మెథడ్‌లో చెయ్యి పెడతావా? శుక్రవారానికి మూడు రోజులు కలపమంటే నీ క్లాసు శని, ఆదివారాలు దాటేసింది. సోమవారం డయాలసిస్‌కి రావలసిన పెద్దాయన్ని బుధవారం రమ్మంది!”

“ఆయనకి... ఎలా ఉంది?”

“ఐసీయూలో ఉన్నాడు.”

“నేను వెళ్లి కాళ్లు పట్టుకుంటాను మేడమ్.”

“కాళ్లు తర్వాత. ఇంకా ఎంతమందికి తప్పు తేదీలు వెళ్లాయో, ఒక్కొక్కళ్లకీ నువ్వే ఫోన్ చెయ్యి. సిస్టమ్ తప్పన్నావో, ఊరుకోను!”

అతను ఫోన్ అందుకున్నాడు.

“డయాలసిస్‌కి రేపు కాదమ్మా, ఇవాళే రండి. తప్పు తేదీ ఇచ్చింది నేనే.”