ఎర్ర కారుకు ఆయిల్ మార్చిన నాడు

"అమ్మమ్మా, పొద్దుగాల మీరు ఆ ఎర్ర కారు కింద పండుకున్నరేంది? మీదికెల్లి చూసి నాకు పానం జల్లుమన్నది!"

అయ్యో, భయపడ్డవా? ఏం లేదు బిడ్డా, ఆయిల్ మారుస్తున్న. నవ్వకు. కూసో, చాయ్ తాగుకుంట ఇను. నువ్వు మా మీది ఇంట్లకు కిరాయికొచ్చి నెల సుత కాలే, నీకెట్ల తెలుస్తది.

ఆ కారు మీ తాతది. అదే, మా ఆయనది. గీ ఏ.ఎస్. రావు నగర్ దిక్కు ఫ్యాక్టరీల చేసి రిటైరైండు. రిటైరైనోళ్లు ఏం జేస్తరు? ప్లాటో, బంగారమో కొంటరు. ఈయనేం జేసిండు? తిరుమలగిరిల ఒక మిలిట్రీ సారు ఊరిడిచి పోతుంటే, ఆయన దగ్గర ఈ పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చిండు. రెండే సీట్లు. మా బిడ్డ కవిత వాకిట్ల నిలబడి "నాయినా, మీరిద్దరు కూసుంటే నేనేడ కూసోవాలె?" అని ఒకటే లొల్లి. ఎంతకు కొన్నడో ఇప్పటిదాంక నాకు చెప్పలే. మా పెండ్లైన కొత్తల స్కూటర్ కావాలన్నా పేరు రాయించి ఏండ్లకేండ్లు ఆగాలె, ఎరుకేనా? మేం రాయిస్తే అది వచ్చెటాల్లకు కవిత బడికి పోతుండె. సరే, అది వేరే ముచ్చట. ఏడున్న నేను... ఆ, కారు.

దాన్ని మెకానిక్ చేతికి ఇచ్చేటోడే కాదు. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్, అన్ని ఆయనే. ఐతారం వచ్చిందంటే లుంగీ ఎగ్గట్టి కారు కింద దూరుడే. చాయ్ పెట్టి పిలిస్తే నాకు కాళ్లు తప్ప మొఖం కనవడకపోతుండె. నాకు మంటనే ఉండె, అబద్ధమెందుకు.

గసుంటి మనిషికి పక్షవాతం వచ్చింది. స్నానం జేసి టవల్ ఆరేసుకుంట ఆరేసుకుంట అట్లనే కూలిండు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట సుత పోయింది. దవాఖానల పానం దక్కింది గని మాట రాలే. మనం చెప్పేదంతా సమజయితది, లోపట మాట ఉంటది, నోట్లకు రాదు. గదెంత నరకమో చూడు.

అలవాటు చేస్తే వస్తదన్నడు డాక్టరు. మాట నేర్పే పిల్ల ఒకామె ఇంటికొస్తుండె, నీ ఈడే ఉంటది, మంచి పిల్ల. బొమ్మలు చూపిచ్చి "తాతా, ఇది ఆవు. అనుండ్రి, ఆవు" అనేది. అంత పెద్దమనిషిని ఆవు అనమంటే సిగ్గయితదా లేదా? గోడ దిక్కు తిరిగేటోడు. కొన్నొద్దులైనంక, ఆమె గేటు చప్పుడు ఇనంగనే కండ్లు మూసుకొని నిద్రపోయినట్టు చేసుడు షురూ చేసిండు.

నా తక్లీఫ్ చూసి కవిత "అమ్మా, ఇంక ఈ కారునెవరు చూసుకుంటరు, అమ్మేద్దాం" అన్నది. పిల్ల తప్పేం లేదు. ఒకాయన చూసెతందుకు సుత వచ్చిండు. బానెట్ లేపి, ఆయిల్ పుల్ల గుంజి, "నల్లగైందమ్మా, మార్చి మస్తు దినాలైనట్టుంది" అన్నడు. మీ తాత కిటికీలకెల్లి చూస్తున్నడు. నేను ఆయన మొఖం చూసిన. కోపం లేదు, ఏడుపు లేదు. ఎవరిదో వస్తువును చూసినట్టు చూస్తున్నడు. గప్పుడు భయమైంది బిడ్డా నాకు. దవాఖానల సుత గంత భయం కాలే.

వచ్చినాయనను పంపిచ్చేసిన. "అమ్ముడు గిమ్ముడు లేదు" అన్న.

"మరేం జేస్తవే?" అన్నది కవిత.

"ఆయిల్ మారుస్త."

నోట్లకెల్లి ఎట్లొచ్చిందో నాకే తెల్వదు.

ఆటో ఎక్కి రాణిగంజ్ పోయిన. ఇంట్ల పాత ఫిల్టర్ డబ్బా ఉంటే చూపిచ్చి, అసుంటిదే తెచ్చిన. ఐతారం పొద్దుగాల కవిత కారు ముందు చక్రాలను ఇనుప దిమ్మెల మీదికి ఎక్కిచ్చి, ఎనుక చక్రాలకు ఇటుకలు పెట్టింది. ఆయన్ని కుర్చీల ముంగట కూసోబెట్టిన. చీర మీద ఆయన పాత అంగి తొడిగిన. ఏ నట్టు ఏడుంటదో ఎడమ చేత్తో కట్టె పట్టి మట్టిల గీసి చూపిచ్చిండు. గీసిండు బిడ్డా! గదొక్కటే సాలనిపిచ్చింది నాకు.

కిందికి దూరి నట్టు ఇప్పిన. నల్ల ఆయిల్ టబ్బులకంటే ముందుగాల నా మోచేతి మీదనే పడ్డది. అంతా కారినంక నట్టు బిగిచ్చి, పాత ఫిల్టర్ తిప్పి ఊడగొట్టి, తెచ్చి ఆయన ముంగట పేపర్ మీద పెట్టిన. కొత్తదాని అంచుకు జెర ఆయిల్ రాసి మళ్ల కిందికి పోయిన.

ఇగ మీద ఆయన కుర్చీని దబదబ కొట్టుడు. "ఏందయ్యా, నీళ్లా?" కాదు. "లోపటికి పోతవా?" కాదు. తల బయటికి పెట్టి చూస్తే ఆయన మొఖం ఎర్రగైంది, మెడల నరాలు ఉబ్బినయి. "ర... ర..." అంటున్నడు. కవిత బెదిరి డాక్టర్‌కు ఫోన్ చేస్తనంటున్నది. గప్పుడు ఒక్కసారే...

"రబ్బర్!"

నేను పేపర్ మీది ఫిల్టర్ దిక్కు చూసిన. పాత ఫిల్టర్‌కు ఉండాల్సిన రబ్బర్ రింగు లేదు. మీద ఇంజన్‌కే అతుక్కున్నది. దాని మీదనే కొత్తది బిగిస్తే, కారు షురూ చెయ్యంగనే ఆయిలంత బయటికి కొట్టి ఇంజన్ ఖరాబైతుండె. ఆయన రింగు లేని పాత ఫిల్టర్‌ను చూసి పట్టిండు. నేను గోరుతోని ఆ రింగు గీకి తీసిన. తీసి, ఆ ఆయిల్ చేతులతోనే కండ్లు తుడుసుకున్న. మండినయి, ఏం జేస్తం.

మాట నేర్పే పిల్లకు చెప్తే నవ్వి బొమ్మలు సంచిల పెట్టేసింది. "అమ్మమ్మా, ఇంక క్లాసు కారు కాడనే" అన్నది. అటెనుక బ్రేక్ ఆయిల్ మార్చినం. అది ఒక్కరితోని కాదు. లోపట ఒకరు బ్రేకు నొక్కి "నొక్కిన" అనాలె, గప్పుడే చక్రం కాడ ఉన్నోళ్లు చిన్న నట్టు ఇప్పాలె. మీ తాత ఎడమ కాలుతో నొక్కి ఊకుంటడు. నేను "చెప్తేనే ఇప్పుత" అంట. "నో..." అంటడు. నేనిప్ప. ఆయనకు కోపం బాగొచ్చింది, "నొక్కిన!" అని అరిస్తే ఎదురింటోళ్లు బాల్కనీలకొచ్చిన్రు. బ్రేకు గదా, పనైనంక మెకానిక్‌కు సుత చూపిచ్చినంలే.

నా పేరు ఎప్పుడొచ్చిందో తెలుసా? ఆయిల్ వచ్చినంక, ఫిల్టర్ వచ్చినంక, నట్లిప్పే పాన, పెట్రోల్ అన్ని వచ్చినంక! ఇంజన్ సల్లగుంచే కూలెంట్ పోస్తున్న, ఆయన పక్కన నిలబడి చూస్తున్నడు. "సులోచనా... సాలు" అన్నడు. సాలు అంటే ఆపాలె గదా? నేనాపలే. ఆయన మొఖమే చూసుకుంట నిలబడ్డ. కూలెంటంత పొంగి చెప్పుల మీదికెల్లి వాకిలంత పారింది.

ఇప్పుడు నిమ్మళంగ మాట్లాడుతడు. ఒక్కో మాటకు జెర ఎతుక్కుంటడు, తొందర పెట్టొద్దు, అంతే. కుడి కాలు ఇంక సక్కగ కాలే, అయితది. అందాంక నేనే డ్రైవింగ్ నేర్చుకుంటున్న. ఈ ఈడుల ఏందంటది కవిత. అననియ్యి. మొన్న కాప్రా చెరువు దాంక తోలిన, పక్కన మీ తాత ఒకటే తిట్టుడు, గేరు సక్కగ ఎయ్యమని. ఎంత మంచిగ తిట్టిండనుకున్నవ్...

చాయ్ సల్లారిపోయింది, తాగు. నువ్వు సుత నీ స్కూటీ పని నేర్చుకో బిడ్డా, రా, నేను చూపిస్త. పని నేర్చిన చేతులు, మనసు తెలిసిన మనిషి నీకు దొరకాలె. పది కాలాలు సల్లగుండు. ఇగో, పిలుస్తున్నడు, ఇన్నవా? నా పేరే...