నా పింఛనులో రాజక్క పాలు

సభాధ్యక్షులు హనుమండ్లన్నకు, మా గని మేనేజరు గారికి, నాతోపాటు ఇన్నేళ్లు బొగ్గుపొడి మింగిన అన్నదమ్ములకు, వెనక వరుసల్లో కూర్చున్న ఆడబిడ్డలకు ఈ బుచ్చిరాములు చేతులెత్తి మొక్కుతున్నాడు. భూమి లోపల పంపు చప్పుడులో అరిచి అరిచి మాట్లాడిన గొంతు ఇది, మైకు అక్కర్లేదు. చెవులు మూసుకోవాలనిపిస్తే మూసుకోండి, నేనేమీ అనుకోను. (నవ్వులు)

రిటైరైన వాళ్లను ఆలుమగలుగా పక్కపక్కన కూర్చోబెట్టి దండలు వేయడం మన గనుల దగ్గర ఆనవాయితీ కనుక, అలవాటు కొద్దీ రెండు కుర్చీలు వేశారు. ఒకటి ఖాళీగా ఉంది. ఓంప్రకాశ్, దాన్ని తీసెయ్యకు తమ్మీ, ఉండనివ్వు. నా భార్య రాజక్క వచ్చింది, వెనక ఆడవాళ్లలో కూర్చుంది. మేం విడిపోయి ఏళ్లు గడిచాయి, ఆమె మెట్‌పల్లిలో బీడీలు చేసుకుని బతుకుతోంది. తప్పెవరిదని అడగకండి. అడిగిన వాళ్లకు మేమిద్దరం ఏనాడూ ఒకే జవాబు చెప్పలేదు.

పోయిన నెల నా పింఛను పంచడానికి పెద్దమనుషులు కూర్చున్నారు. చెరి సగమన్నారు, నేను సరేనన్నాను. రాజక్కే ఒప్పుకోలేదు.

"నాకు సగమెందుకు? మూడు పాళ్లల్ల ఒక పాలు సాలు. గాయినకు దమ్ము వస్తది, మందులు కొనుక్కోవద్దా?"

నాకు కోపమొచ్చింది. "బీడీలు చుట్టి చుట్టి నీ నడుము వంగింది, సగం తీస్కో" అన్నాను. వద్దని ఆమె, తీస్కొమ్మని నేను గొంతులు పెంచుతుంటే పెద్దమనుషుల్లో ఒకడైన మా సాంబయ్య బావ తల పట్టుకున్నాడు.

"పైసలు నాకంటే నాకని కొట్లాడేటోళ్లను సూసిన గాని, నీకంటే నీకని కొట్లాడేటోళ్లను సూడలే. గింత ఫికర్ ఉన్నోళ్లు కలిసుంటే ఏమైతది?"

చివరికి ఆమె మాటే నెగ్గింది, మూడో వంతే రాశారు. ఆమె మొత్తం కావాలని నన్ను తిట్టిపోసినా నాకింత బాధ ఉండేది కాదు.

పింఛను కాగితాలకు ఆలుమగల జంట ఫొటో కావాలంటే మంచిర్యాలలో ఒక స్టూడియోకు పోయాం. ఫొటో తీసే ఆయనకు మా సంగతి తెలియదు కదా.

"అక్కా, జర దగ్గరికి జరుగు. జర నవ్వు."

"నవ్వకుంటే పింఛన్ రాదా తమ్మీ?" అంది రాజక్క. (నవ్వులు)

ఆఫీసుకు ఇచ్చినవి పోను కొన్ని ఫొటోలు మిగిలాయి. జేబులో పెట్టుకోబోతుంటే ఆమె చెయ్యి చాపింది.

"గివి మాత్రం సగం సగమే. నా సగం నాకియ్యి."

ఇచ్చాను. కొంగున కట్టుకుని బస్సెక్కింది.

నాకు శాలువా కప్పిన చేతులకు, పూలు తెచ్చిన చేతులకు దండం. రాజక్కా, పిలవగానే వచ్చావు, నీకూ దండం. నీ బస్సుకు టైమైందని తెలుసు. ఇంటికి రమ్మని అడిగే ధైర్యం నాకు ఆ రోజు స్టూడియోలో రాలేదు, ఇంతమంది ముందు కూడా రావడం లేదు.

అందరి దగ్గరా, నీ దగ్గర కూడా, సెలవు.